హద్దు మీది చెట్టు

మా నాన్నగారు గతించిన తరువాత వారి ట్రంకుపెట్టె తెరచి చూశాము. పాత పంచాంగాలు, శిస్తు రసీదులు, వాటి అడుగున ఎర్రదారంతో కట్టిన కాగితాల కట్ట ఒకటి ఉన్నాయి. పైకాగితం మీద నాన్నగారి గుండ్రని అక్షరాలతో "చింతచెట్టు దావా" అని ఉన్నది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. కాగితం కనబడితే చదవక మానలేను. ఆ రాత్రే కూర్చుని కట్టంతా చదివాను. చిన్ననాడు మా ఇంట్లో అర్థం కాకుండా వినిపించిన మాటలన్నీ, వాయిదా, వకాల్తా, కమీషను, అమీనా, అందులో వరుసగా కనిపించాయి.

ఈ వ్యాసానికి ప్రేరణ ఆ కట్టయే. అయితే ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. ఇరుగుపొరుగుల నడుమ చెట్టు తగవు ఎంత పాతదో, ధర్మశాస్త్రకారులు మొదలు నేటి న్యాయస్థానాల దాకా దానిని ఎట్లా తీర్చజూశారో, అంత తీర్చినా మన పల్లెల్లో అది ఎందుకు తెగదో విచారించడం నా ఉద్దేశం. ఈ విచారణ చివరకు నా అవసరానికే వచ్చినది. ఆ సంగతి వ్యాసాంతంలో మనవి చేస్తాను.

ముందు దావా సంగతి. మా ఊరు పెదపారుపూడి. కృష్ణా జిల్లాలో గుడివాడకు చేరువలోని డెల్టా గ్రామం. మా పెంకుటింటికి పడమట వైపు దొడ్డి చివర ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. దాని ఆకు పెంకుల సందుల్లో చేరి వానాకాలం ఇల్లంతా కురిసేది. వేళ్ళు తన్ని మా మట్టిగోడ రెండుచోట్ల బీటలు వారినది. పడమటింటివారిని (వారి పేర్లు ఇక్కడ వ్రాయను) కొమ్మలు కొట్టించుకొమ్మని నాన్నగారు అడిగారు. వారు రేపు మాపన్నారు. ఒకనాడు మాట మీద మాట పెరిగినది. 1972లో నాన్నగారు గుడివాడ మునసబు కోర్టులో దావా వేశారు. చెట్టును మొదలంటా తీయించవలెననీ, గోడకు నష్టం ఇప్పించవలెననీ ప్రార్థన. ప్రతివాదుల జవాబు మరీ గట్టిది. చెట్టు తమ తాతగారు నాటినదనీ, గోడ తరువాత వచ్చినదనీ, ఇరవై ఏళ్ళకు పైగా కొమ్మలు అటే వాలి ఉన్నవి గనుక అట్లా వాలి ఉండే హక్కు సంక్రమించినదనీ, పైగా వాది పిల్లలు ఏటా ఆ చెట్టు చింతకాయలు తింటూనే ఉన్నారనీ. ఆ పిల్లలలో నేనూ ఒకణ్ణి.

చెట్టు తగవు మన దేశంలో ఎంత పాతదో చూడండి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో, ధర్మస్థీయాధికరణంలో, పట్టణపు తోటలలో పూలూ పండ్లూ నీడా ఇచ్చే చెట్లను గాయపరచినవారికి దండన చెప్పబడినది. చిగురు త్రుంచితే 6 పణాలు. చిన్న కొమ్మ నరికితే 12. పెద్ద కొమ్మకు 24. మాను నరికితే పూర్వసాహసదండం. సమూలంగా పెకలిస్తే మధ్యమసాహసదండం. అదే చెట్టు హద్దు మీది చెట్టయినా, పూజలందుకొనేదయినా, రాజవనంలోనిదయినా దండన రెట్టింపు. యాజ్ఞవల్క్యస్మృతిలోనూ ఇదే వరుస ఉన్నది. కొమ్మకు 20, మానుకు 40, మొత్తం చెట్టుకు 80 పణాలు. శ్మశానంలోనివి, దేవాలయంలోనివి, సరిహద్దులోనివి అయితే రెట్టింపు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యనే 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన "విజ్ఞానేశ్వరీయము"గా తెనిగించాడు. తెలుగులో న్యాయశాస్త్రం పద్యాలలోకి వచ్చినది అట్లాగు.

ఇవి శాస్త్రగ్రంథాలే గాని తీర్పుల నకళ్ళు కావు. కాని వాటిలోని ఒక వివేకం గమనింపదగినది. వారు కొమ్మను, మానును, వేరును వేరువేరుగా చూశారు. కొమ్మ కొట్టడం ఒక తప్పు, చెట్టును చంపడం మరొక తప్పు. హద్దు మీది చెట్టుకు రెట్టింపు ఎందుకు? ఆ చెట్టు పోతే పోయేది నీడ ఒక్కటే కాదు. రెండు భూముల నడుమ సాక్ష్యం పోతుంది.

ఈ సాక్ష్యం మాట మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో ఇంకా విశదంగా ఉన్నది. హద్దుల మీద మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ, సాల, తాటి, పాలుగారే చెట్లు నాటమంటాడు మనువు. చెట్టు పోయినా గుర్తు మిగలడానికి భూమిలో రాళ్ళు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు పాతిపెట్టమంటాడు. హద్దు తగవును జ్యేష్ఠమాసంలో, గుర్తులన్నీ స్పష్టంగా కనిపించే కాలంలో తీర్చమంటాడు. మా డెల్టావారికి ఈ మాట వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది. కాలువలు కట్టేసి, చేలు ఎండి, గట్లు బోసిగా ఉండేది అప్పుడే. ఏరువాకకు ముందే సర్వేయరును పిలవడం ఇక్కడ నిన్న మొన్నటి ఆచారం కాదు. సాక్షులు దొరకకపోతే పశువులకాపరులను, జాలరులను, వేళ్ళు త్రవ్వుకొనేవారిని అడగమని కూడా మనువు చెప్పాడు. భూమిని రోజూ త్రొక్కేవారికే భూమి గుట్టు తెలుసునని ఆయన భావం కావచ్చు.

మరొక స్మృతికర్త కాత్యాయనుడు మా చింతచెట్టు గురించే చెప్పినట్లు చెప్పాడు. రెండు క్షేత్రాల హద్దు నడుమ పుట్టిన చెట్ల పూలూ పండ్లూ ఇద్దరు యజమానులకూ సమానం అని. ఈ వాక్యాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలెనని కోరుతున్నాను.

ఇది మన దేశపు చింత మాత్రమే కాదు. క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దం నాటి రోమను ద్వాదశ ఫలకాలలో, పొరుగువాని చెట్టు నీడ చేనుకు చేటు చేస్తే నేల నుండి పదిహేను అడుగుల ఎత్తు వరకు కొమ్మలు కొట్టించాలని ఉన్నది. తన చెట్టు పండు పొరుగునేల మీద పడితే వెళ్ళి ఏరుకొనే హక్కు కూడా ఇచ్చారు. ఈ నియమాలలోనూ మానును ముట్టుకోలేదు.

మన కోర్టులు నేడు అనుసరించే సూత్రం ఎక్కువగా ఆంగ్లేయ న్యాయం నుండి వచ్చినది. లెమన్, వెబ్ అనే ఇద్దరు ఇరుగుపొరుగుల వ్యాజ్యం ఒకటి ఇంగ్లండులో ప్రభువుల సభ దాకా వెళ్ళినది. 1895 నాటి తీర్పుల సంపుటంలో అది ఉన్నది. లెమన్ చెట్ల కొమ్మలు తన నేల మీదికి వచ్చాయని వెబ్ నోటీసు ఇవ్వకుండానే కొట్టించాడు. కొట్టించవచ్చునా? కొట్టించవచ్చును అన్నారు ప్రభువులు. తన నేల మీద నిలబడి, పొరుగునేల త్రొక్కకుండా, హద్దు దాకా మాత్రమే. ఎన్ని సంవత్సరాలుగా వాలి ఉన్నా సరే, అట్లా వాలి ఉండే హక్కు చెట్టు యజమానికి రాదు. కొమ్మ దినదినమూ పెరిగేది, నిన్నటి కొలత నేటికి చెల్లదు, కొలత లేనిదానికి హక్కు ఎట్లా స్థిరపడుతుంది? వేళ్ళకూ ఇదే న్యాయం.

అయితే కొట్టిన కొమ్మ ఎవరిది? దాని కాయ ఎవరిది? 1919లో మిల్స్, బ్రూకర్ అనే వారి ఆపిలు పండ్ల తగవులో దీనికి సమాధానం వచ్చినది. కొమ్మ కొట్టవచ్చు గాని, కొమ్మతో పాటు కాయ మీది కాదు, అది చెట్టు యజమానిదే. మామిడి రోజుల్లో మన పల్లెల్లో ఈ సూత్రం ఎవరు పాటిస్తారు? మా దొడ్డిలో పడ్డ కాయ మాదే అనే ధర్మమే పిల్లలకు మొదట వచ్చేది. నా చింతకాయల పాపానికి ఆంగ్లేయ న్యాయం ప్రకారం క్షమాపణ లేదన్నమాట.

ఇక మన శాసనాలు. సదుపాయ హక్కుల చట్టం, అంటే ఈజ్‌మెంట్స్ యాక్టు, 1882లో వచ్చినప్పుడు మొదట వర్తించిన ప్రాంతాలలో మదరాసు రాజధాని ఒకటి. కనుక కృష్ణా జిల్లాకు అది మొదటినుండీ ఉన్నదే. పొరుగు నేల మీదుగా నడిచే దారి, పారే నీరు, గాలి వెలుతురు వంటివి 20 ఏళ్ళు నిరాటంకంగా అనుభవిస్తే హక్కవుతాయని దాని సారం. పడమటింటివారి జవాబులోని "ఇరవై ఏళ్ళు" ఇక్కడిదే. కాని పైన చెప్పిన కారణం చేత కొమ్మలకు ఆ వాదం నిలవదు. పైగా కొమ్మ చేసే కీడు నిత్యం కొనసాగేది. అట్లా కొనసాగే కీడుకు కాలపరిమితి క్షణక్షణమూ కొత్తగా ఆరంభమవుతుందని 1963 నాటి కాలపరిమితి చట్టం 22వ సెక్షను చెబుతున్నది. ఇన్నాళ్ళూ ఊరుకున్నావు గదా అని పొరుగువాడు అనడానికి వీలులేదు.

పొరుగు నేల మీదికి చొచ్చినదానిని తీయించే ఉత్తరువు కావాలంటే ప్రత్యేక పరిహారాల చట్టాన్ని ఆశ్రయించాలి. 1877 నాటి ఆ చట్టంలో ఒక ఉదాహరణ ఉన్నది. ఒకాయన ఇంటి చూరు పొరుగువాని నేల మీదికి వచ్చినది, పొరుగువాడు కోర్టుకు వెళ్ళి ఎంత చూరు చొచ్చినదో అంతవరకు తీయించవచ్చును. "అంతవరకు" అన్నది గమనించండి. ఇల్లు తీయించమనలేదు. 1963లో ఆ చట్టం మారినా ఈ న్యాయం మారలేదు.

చెట్టును దౌర్జన్యంగా నరికేవారి సంగతి 1860 నాటి శిక్షాస్మృతి చూసుకున్నది. దొంగతనాన్ని నిర్వచించే 378వ సెక్షనులో మొట్టమొదటి ఉదాహరణ చెట్టుదే. నేలలో నాటుకొని ఉన్నంతవరకు చెట్టు స్థిరాస్తి, దానిని దొంగిలించడం కుదరదు. ఎత్తుకుపోయే తలంపుతో నరికి నేల నుండి వేరుచేసిన క్షణాన అది చరాస్తి, అదే క్షణాన నరికినవాడు దొంగ. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి సెక్షనుల సంఖ్యలు మారాయి గాని చెట్టు ఉదాహరణలోని తర్కం అదే.

రోడ్డున పోయేవారి మీద పడేటట్లున్న చెట్టయితే వేరే మార్గం ఉన్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 133వ సెక్షను క్రింద, నేటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను క్రింద, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అటువంటి చెట్టును తీయించమని ఉత్తరువు ఇవ్వవచ్చు. కాని అది పదిమందికీ ముప్పు అయినప్పటి మాట. ఇద్దరి పంతాన్ని పదిమంది ముప్పుగా చూపి తహసీల్దారు కచేరీకి అర్జీలు పెట్టేవారు లేకపోలేదు.

తన నేలలోని చెట్టే తనది కాని రోజులు కూడా ఉండేవి. జమీందారీ గ్రామాలలో రైతు తన కమతంలోని చెట్టు కొట్టాలంటే జమీందారు తరఫువారు అడ్డుపడేవారు. 1908 నాటి మదరాసు ఎస్టేట్స్ ల్యాండు చట్టం 12వ సెక్షనులో, ఇకమీదట రైతు నాటిన చెట్లను, తనంతట మొలిచిన చెట్లను అనుభవించి నరుక్కొనే హక్కు రైతుదేననీ, ఎటువంటి ఆచారమూ ఒప్పందమూ దానికి అడ్డురాదనీ వ్రాశారు. అప్పటికే ఉన్న చెట్ల మీద మాత్రం ఆచారం వలన, వ్రాతపూర్వకమైన ఒప్పందం వలన జమీందారుకు ఉన్న హక్కులను మినహాయించారు. అంటే ఒకే కమతంలో పాత చెట్టుకు ఒక న్యాయం, కొత్త మొక్కకు మరొక న్యాయం. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఇదే స్థితి.

ఇంతవరకు చూస్తే చట్టంలో సందేహం ఏమీ లేదు. కొమ్మను హద్దు దాకా కొట్టుకో, కాయ ముట్టుకోకు, మాను జోలికి పోకు. ఇంత తేటగా ఉన్నప్పుడు మా నాన్నగారి దావా నాలుగేళ్ళు ఎందుకు నడిచినది?

ఈ ప్రశ్నకు సమాధానం కట్టలోని కమీషనరు నివేదికలో దొరికినది. సివిల్ ప్రొసీజర్ కోడు 26వ ఆర్డరు క్రింద కోర్టువారు ఒక ప్లీడరును కమీషనరుగా నియమించి స్థలం చూసి రమ్మన్నారు. ఆయన ఇరుపక్షాల దస్తావేజులు అడిగాడు. మా దస్తావేజులో పడమర హద్దు: చింతచెట్టు. వారి దస్తావేజులో తూర్పు హద్దు: చింతచెట్టు. చెట్టు వరకా, చెట్టుతో కలిపా, చెట్టు మానుకు ఏ పక్కన? ఎక్కడా లేదు. సరే, సర్వే పటం చూద్దామంటే అది గ్రామకంఠం.

గ్రామకంఠమంటే తెలియని నేటి పాఠకుల కొరకు చెబుతాను. సర్వే జరిగినప్పుడు పొలాలకు నంబర్లు వేసి, హద్దురాళ్ళు పాతి, కొలతలు పుస్తకానికెక్కించారు. ఊరు ఉన్న స్థలాన్ని మాత్రం, శిస్తు లేనిది గనుక, మొత్తం కలిపి ఒక నంబరుగా విడిచిపెట్టారు. అందులో ఎవరి దొడ్డి ఎంతో సర్కారు పుస్తకంలో ఉండదు. దస్తావేజులలోని నాలుగు దిక్కుల హద్దులే ఆధారం. తూర్పు ఫలానావారి ఇల్లు, దక్షిణం పుంత, పడమర చెట్టు, ఉత్తరం నుయ్యి. ఇళ్ళు కూలుతాయి, నూతులు పూడుతాయి, చెట్లు లావెక్కుతాయి. మాను మూడు జానల లావున్నప్పుడు వ్రాసిన హద్దు, అది ఇద్దరు చేతులు చాచి పట్టుకొనేంత అయినప్పుడు ఎక్కడ ఉన్నట్లు?

కొమ్మను హద్దు దాకా కొట్టవచ్చునని చట్టం చెబుతుంది. ఆ హద్దు ఎక్కడ అంటే చెట్టును చూపవలసి వచ్చినది. మా నాన్నగారు తీయించమని కోరినది తన ఇంటి పడమటి సాక్ష్యాన్నే. పొలం గట్ల మీది చెట్టు తగవు సర్వేయరు గొలుసుతో తెగుతుంది. ఊళ్ళోని దొడ్డిచెట్టు తగవు అట్లా తెగదు. మన పల్లెల్లో చెట్టు పేరిట నడిచే దావాలలో అనేకం నిజానికి నేల దావాలు. ఒకడు హద్దు చివర మొక్క నాటాడంటే ఇంతవరకు నాది అని అన్నట్లు. మరొకడు దానిని పీకాడంటే కాదన్నట్లు. పన్నెండేళ్ళు మౌనంగా ఊరుకొంటే ఎదుటివాని స్వాధీనమే హక్కయి కూర్చొనే న్యాయం కూడా ఉన్నది గనుక, ఊరుకొనేవాడికి భయం. ఆ భయమే జామమొక్క దగ్గర కూడా మనుషులను అరిపిస్తుంది.

కమీషనరు నివేదిక వచ్చిన తరువాత మా ప్లీడరుగారు నాన్నగారితో అన్న మాట మా అమ్మ తరచు చెప్పేది. "ఏమండీ, మీరు గెలిస్తే మీ హద్దు పోతుంది, ఓడితే మీ గోడ పోతుంది. ఇంటికెళ్ళి మాట్లాడుకోండి." 1976లో ఇరుపక్షాలూ కోర్టులో రాజీపత్రం దాఖలు చేశాయి. చెట్టు ఉమ్మడి. ఏటా జ్యేష్ఠంలో ఎవరి వైపు కొమ్మలు వారు కొట్టించుకోవాలి. చింతపండు సగం సగం. గోడ బాగుచేయించే ఖర్చులో వారు సగం ఇవ్వాలి. కోర్టు ఖర్చులు ఎవరివి వారివి. దావాకు ముందు ఊరి పెద్దమనుషులు రామాలయం అరుగు మీద కూర్చుని చెప్పినది ఇంచుమించు ఇదేనట. కాత్యాయనుడు చెప్పినదీ ఇదే. అందరూ ఒకటే చెప్పిన తీర్పుకు మా ఇంట అమ్మ మెడలోని నాను తాకట్టు పడినది.

రాజీ అయిన మరుసటి సంవత్సరం ఆ చెట్టు లేదు. 1977 నవంబరు 19 నాటి తుఫాను, ఉప్పెన దివిసీమలో పదివేలమందికి పైగా ప్రాణాలను తీసుకొన్న సంగతి జగమెరిగినదే. 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెన తరువాత ఈ తీరం అంతటి విపత్తు చూడలేదని పెద్దలు అనుకొన్నారు. సముద్రానికి దూరమైన మా ఊళ్ళో నీరు రాలేదు గాని గాలి వచ్చినది. తెల్లవారి చూస్తే చింతచెట్టు వేళ్ళతో లేచి ఉత్తరపు పుంతలో పడి ఉన్నది. రెండిళ్ళ పెంకులూ లేచిపోయాయి. మేము మా నష్టం తలుచుకోవడానికి సిగ్గుపడిన రోజులవి. చెట్టు కొమ్మలు పట్టుకొని రాత్రంతా నీళ్ళలో వ్రేలాడి బ్రతికామని దివి నుండి వచ్చినవారు చెబుతుంటే విన్నాము. అంతకు ముందు నాలుగేళ్ళు ఒక చెట్టును చంపించడానికి గుడివాడ తిరిగిన మా నాన్నగారు ఆ మాటలు విని ఏమనుకొన్నారో నేను అడగలేదు.

తుఫానులో పడిన చెట్టుకు ఎవరు బాధ్యులన్న ప్రశ్నకు కూడా న్యాయం ఉన్నది. 1926 నాటి నోబుల్, హారిసన్ వ్యాజ్యంలో బీచి చెట్టు కొమ్మ ఒకటి విరిగి దారిన పోయే వాహనం మీద పడినది. లోపలి లోపం పైకి కనిపించనిదయితే యజమాని బాధ్యుడు కాడని తీర్పు. పుచ్చిపోయిందని తెలిసీ ఊరుకొంటే మాత్రం అది అశ్రద్ధ. ఆరోగ్యంగా ఉన్న చెట్టును అసాధారణమైన గాలి పెళ్ళగిస్తే దానిని దైవికమంటారు. మా చింతచెట్టు దైవికంగానే పోయినది. కలప రెండు కుటుంబాలూ బండ్లతో పంచుకొన్నాయి. పంచుకోలేనిది హద్దు. మోడు తీసిన గుంట పూడకముందే పెద్దమనుషులు వచ్చి, గుంట నడుమ బొగ్గులు పోయించి, ఒక నల్లరాయి పాతించారు. వారిలో ఎవరూ మనుస్మృతి చదివినవారు కారు.

ఈ ముప్ఫై, నలభై ఏళ్ళలో మా ప్రాంతంలో చెట్టు తగవు వేషం మార్చినది. గుడివాడ, కైకలూరు వైపు వరిచేలు చేపల చెరువులయ్యాయి. గట్టు మీది చెట్టు ఆకు నీటిలో రాలి కుళ్ళుతుందనీ, చేపలు తినే పక్షులు దాని మీద వాలుతాయనీ చెరువు రైతు దానిని వద్దంటాడు. ఇటువైపు రైతు చెరువు ఊటకు తన కొబ్బరిచెట్లు ఎర్రబారుతున్నాయంటాడు. వెనుక చెట్టు మనిషి మీద నేరం చేసేది. ఇప్పుడు చెట్టే బాధితురాలు. కాని తగవులో ప్రశ్న అదే. ఒకరి నేలలో జరిగేది పొరుగు నేలలోకి ఎంతదూరం రావచ్చును?

ఇక నా సంగతి. చింతచెట్టు పోయిన చోటికి కాస్త ఇవతలగా నేను 1994లో ఒక వేపమొక్క నాటాను. నేడది డాబా ఎత్తు దాటినది. పడమటింటివారి పిల్లలు ఊరు విడిచి, స్థలం అమ్మివేశారు. కొన్న కుర్రవాడు ఇల్లు మొదలుపెట్టాడు. మంచి పిల్లవాడే. ఒకరోజు వచ్చి, "మాస్టారూ, వేళ్ళు పునాదిలోకి వస్తున్నాయని మేస్త్రీ అంటున్నాడండీ. చెట్టు తీయించేస్తే మన ఇద్దరికీ ఏ గొడవా ఉండదు" అన్నాడు. ఆ మాట వినగానే నా నోట రాబోయిన జవాబు పడమటింటివారు 1972లో కోర్టులో చెప్పిన జవాబేనని గ్రహించి నోరు మూసుకొన్నాను. నేను నాటిన చెట్టు, నీ పునాది తరువాత వచ్చినది!

రెండు రోజులు ఆగి అతణ్ణి పిలిచి కట్టలోని కాగితాలు చూపించాను. కొమ్మలు, వేళ్ళు నీ హద్దు దాకా కొట్టుకొనే హక్కు నీకున్నది, నన్నడగనక్కరలేదు అన్నాను. మానును తీయించడం మన ఇద్దరి ఇష్టం మాత్రమే కాదనీ, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా చట్టం క్రింద చెట్టు నరకడానికి అనుమతి పొందవలసి ఉంటుందనీ చెప్పాను. అంతా విని అతడు, "అయితే హద్దెక్కడండీ?" అన్నాడు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాము.

అతని సర్వేయరు టేపు పట్టి సున్నంతో ఒక గీత గీశాడు. గ్రామకంఠాలను కూడా డ్రోనులతో కొలిచి ఇంటి యజమానులకు పత్రాలిచ్చే స్వామిత్వ పథకం 2020లో మొదలయినది. కాని డ్రోను పైనుండి చూసేది గోడను, కప్పును. నేలలో పాతిన రాయిని చూడలేదు. నేను రాయి సంగతి చెప్పాను. మొన్న జ్యేష్ఠంలో, పునాది గుంట ప్రక్కనే త్రవ్వించాము. మోకాలిలోతున బొగ్గులు, వాటి నడుమ కొద్దిగా పక్కకు ఒరిగి నల్లరాయి కనిపించాయి. సున్నపు గీతకు, రాయికి తేడా జానెడు. ఆ జానెడులో నా వేపచెట్టు మొదలు సగం ఉన్నది. గీత నిజమైతే చెట్టు ఉమ్మడి. రాయి నిజమైతే చెట్టు నాది.

మేము కోర్టుకు వెళ్ళలేదు. ఆ జానెడు నాదని నేను వాదించలేదు, తనదని అతడు వాదించలేదు. చెట్లు కొట్టే మనిషిని పిలిపించి అతని వైపు కొమ్మలు తీయించాము. పునాది వైపు వేళ్ళను మాత్రం త్రవ్వి కోయించి, నడుమ కాంక్రీటు అడ్డుగోడ పోయించాడు. ఖర్చు సగం నేను ఇచ్చాను. ఒక వైపు వేళ్ళు పోయిన చెట్టు పెద్దగాలికి నిలుస్తుందా అన్న దిగులు నాకున్నది. ఈ వానాకాలం చూస్తే గాని తెలియదు. నిలవదని తోస్తే నేనే అనుమతికి అర్జీ పెడతానని మాట ఇచ్చాను. తుఫాను దైవికమే గాని, తెలిసి ఊరుకోవడం దైవికం కాదు.

స్టాంపు కాగితం మీద ఇద్దరమూ వ్రాసుకొన్నాము. రాయి నుండి నుయ్యికి ఎన్ని అడుగులో, మా ఇంటి మూలకు ఎన్ని అడుగులో, చెట్టు మొదలు చుట్టుకొలత ఎంతో, ఏ నెలలో కొమ్మలు తీయాలో, అన్నీ అంకెలతో. చెట్టును హద్దుగా వ్రాయలేదు. ఇళ్ళస్థలం కొనేవారికి, అమ్మేవారికి నా విన్నపం కూడా ఇదే. హద్దు దగ్గర చెట్టు ఉంటే అది ఎవరిదో, ఎంత దూరాన ఉన్నదో దస్తావేజులోనే వ్రాయించుకోండి. మాటలు బాగున్న రోజుల్లోనే ఆ పని చేయండి. మాటలు చెడిన తరువాత కోర్టువారు చెప్పగలిగినది కూడా, మా కట్ట సాక్షిగా, చాలావరకు అదే.

రాయిని మళ్ళీ పూడ్చేముందు ఆ కుర్రవాడు దానిని సెల్‌ఫోనుతో ఫొటో తీసుకొన్నాడు. నేను గుప్పెడు కొత్తబొగ్గులు తెచ్చి పోశాను.